పగిలాక ఏం జరుగుతుంది? షోరూముల్లో బరువు మోసే గాజు

(హైదరాబాద్‌లో కొత్త ఆర్కిటెక్టులు, కాంట్రాక్టర్లు, షోరూమ్ కట్టే ఆలోచనలో ఉన్న వ్యాపారులు కలిసిన ఒక సాయంత్రం ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన మాటల్లోనే ఉంది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? సరే.

సోమాజిగూడ నుంచి పంజాగుట్ట మీదుగా అమీర్‌పేట దాకా వెళ్తూ రెండు పక్కలా చూడండి. నగల షోరూములు, పట్టుచీరల షోరూములు, సెల్‌ఫోన్ షాపులు. నాలుగంతస్తులుంటే నాలుగంతస్తులూ గాజే. ఇప్పుడొక ప్రశ్న. ఆ గాజు బిల్డింగులో దేన్ని మోస్తోంది? చెప్పండి. ఏమీ మోయడం లేదు. వెనక కాంక్రీటు స్తంభాలున్నాయి, వాటికి అల్యూమినియం ఫ్రేములు బిగించారు, ఫ్రేములకి సిలికాన్‌తో గాజు అతికించారు. గాలి తోస్తే తట్టుకోవాలి, తన బరువు తాను ఫ్రేముకి అప్పజెప్పాలి. దాని పని అంతవరకే. రేపు ఆ గాజంతా ఊడదీసినా బిల్డింగు నిలబడే ఉంటుంది.

నేనివాళ మాట్లాడేది ఆ గాజు గురించి కాదు. మెట్టుగా మారి మనిషిని మోసే గాజు, దూలంగా మారి కప్పుని మోసే గాజు, గోడగా నిలబడి పైనున్న బరువంతా కిందికి దింపే గాజు. దాన్ని తీసేస్తే బిల్డింగు కూలుతుంది. అలాంటిది. ప్రపంచంలో ఇలాంటి పని ఎక్కువగా ఎక్కడ జరిగిందో తెలుసా? మ్యూజియాల్లో కాదు, పార్లమెంటుల్లో కాదు. షాపుల్లో. ఎందుకంటే, వచ్చేపోయేవాళ్లని ఆపి లోపలికి రప్పించడానికి ఇంత డబ్బు పెట్టేది షాపువాళ్లే.

న్యూయార్క్‌లో ఫిఫ్త్ అవెన్యూ మీద ఆపిల్ షాపు మీ అందరికీ తెలిసే ఉంటుంది. తెర మీద ఉన్నది అదే. 32 అడుగుల పొడవు, 32 అడుగుల వెడల్పు, 32 అడుగుల ఎత్తు. గాజు ఘనం. 2006 మే నెలలో తెరిచారు. ఆర్కిటెక్టులు బోలిన్ సివిన్‌స్కీ జాక్సన్, గాజు లెక్కలు వేసింది ఎకర్స్‌లీ ఓ'కాలహన్ అనే ఇంజినీరింగ్ సంస్థ. అందరూ ఫొటోలు తీసుకుంటారు. కానీ అసలు విషయం అడగరు. ఆ గాజు డబ్బా ఎందుకు? అసలు షాపు ఎక్కడుంది? భూమి కింద ఉంది! జనరల్ మోటార్స్ బిల్డింగు ముందు ఖాళీ స్థలం, దాని కింద సెల్లారు. మన భాషలో చెప్పాలంటే సెల్లార్లో షాపు. సెల్లార్లో షాపంటే మన బేరగాళ్లు ఎవరైనా అద్దె సగానికి సగం తగ్గించమంటారు కదా. వాళ్లేం చేశారంటే, పైన గాజుతో ఒక ముఖం కట్టారు. అందులోంచి గుండ్రంగా తిరిగే గాజు మెట్లు, మధ్యలో గాజు లిఫ్టు. జనం ఆ మెట్లు చూడటానికే కిందికి దిగారు.

మెట్ల సంగతి కూడా అంతే. ఆపిల్ వాళ్లు గాజు మెట్లు మొదట న్యూయార్క్ సోహోలో 2002లో పెట్టారు. ఆ మెట్ల డిజైన్ పేటెంటు మీద స్టీవ్ జాబ్స్ పేరు కూడా ఉంటుంది. ఎందుకంత పట్టింపు? ఇక్కడ షాపులు నడిపేవాళ్లున్నారు, మీకు నేను చెప్పక్కర్లేదు. గ్రౌండ్ ఫ్లోర్లో ఉన్న గిరాకీ ఫస్ట్ ఫ్లోర్లో ఉండదు. మనిషి మెట్లెక్కడు. మనవాళ్లు పట్టుచీరలు పైన పెట్టి, కింద కూల్‌డ్రింక్ ఇచ్చి, పక్కన ఒకబ్బాయిని తోడిచ్చి పైకి పంపుతారు. వాళ్లు మెట్టునే ఆకర్షణ చేశారు.

ఇప్పుడు 2011కి వద్దాం. ఆ ఘనాన్ని విప్పి మళ్లీ కట్టారు. మొదట 90 పలకలుండేవి. రెండోసారి 15. ఒక్కో వైపుకి 3, పైకప్పుకి 3. అంటే ఒక్కో పలక నేల నుంచి కప్పుదాకా ఒకటే ముక్క. మొత్తం ఖర్చు 66 లక్షల డాలర్లని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. అతుకులు పోయాయి, ఇనుప బిగింపులు చాలావరకు పోయాయి. చూడటానికి గొప్పగా ఉంది, అందులో సందేహం లేదు.

2014 జనవరి. మంచు తుఫాను. రోడ్డు మీద మంచు ఊడ్చే యంత్రం ఒకటి ఆ పలకల్లో ఒకదానికి తగిలింది. పలక అడుగు నుంచి పైదాకా నెరియలు విచ్చింది. రాలిందా? రాలలేదు. షాపు మూసేశారా? లేదు. పగిలిన పలక పగిలినట్టే నిలబడి ఉంది, పక్క పలకలు తమ పని తాము చేసుకుంటున్నాయి, కింద వ్యాపారం నడుస్తోంది. దాన్ని మార్చడానికి సుమారు నాలుగున్నర లక్షల డాలర్లు అవుతుందని వార్త వచ్చింది. 90 పలకలున్నప్పుడు పగిలి ఉంటే ఆ ఖర్చు ఎంతో తగ్గేది. ముక్క పెద్దదయ్యేకొద్దీ అందం పెరుగుతుంది, పగిలినప్పటి బిల్లు కూడా పెరుగుతుంది. యజమానికి ఈ మాట ముందే చెప్పాలి.

నాకు ఆ ఘనం పూర్తిగా ఉన్న ఫొటో కంటే పగిలాక నిలబడి ఉన్న ఫొటోనే గొప్పగా అనిపిస్తుంది. ఎందుకంటే ఈ విద్య అంతా అక్కడే ఉంది. గాజుతో డిజైన్ చేసేవాడి మొదటి ప్రశ్న 'ఇది ఎంత బరువు మోస్తుంది' కాదు. 'ఇది పగిలాక ఏం జరుగుతుంది.' మళ్లీ చెబుతున్నాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. పగిలాక ఏం జరుగుతుంది? ఎవరి మీద పడుతుంది? ఎంతసేపు నిలబడుతుంది? ఆ బరువు పక్కన ఎవరు అందుకుంటారు?

ఉక్కు దూలం మీద బరువు ఎక్కువైందనుకోండి, ముందు వంగుతుంది. కాంక్రీటు బీటలిస్తుంది. మనకి టైం ఇస్తాయి. గాజు ఇవ్వదు. చివరి క్షణం దాకా నిటారుగా ఉంటుంది, ఆ తర్వాత ఉండదు. దాని బిగువు తక్కువేం కాదు, సాగే విషయంలో అల్యూమినియంతో దాదాపు సమానం. నొక్కితే బాగా ఓర్చుకుంటుంది. లాగితేనే సమస్య. 1921లో గ్రిఫిత్ అనే ఇంగ్లీషు ఇంజినీరు దీని గుట్టు విప్పాడు. గాజు అణువుల బంధాల లెక్క ప్రకారం ఉండాల్సిన బలానికీ, పరీక్షలో వచ్చే బలానికీ పొంతనే లేదు. కారణం, గాజు ఒంటిమీద కంటికి కనిపించని గీతలు. లాగినప్పుడు ఆ గీత మొనలో ఒత్తిడంతా పోగుపడుతుంది. అక్కడి నుంచి నెరియ పరుగెడుతుంది. సన్నగా లాగిన గాజు పోగులు తీసుకుని పరీక్షిస్తే, పోగు ఎంత సన్నగా ఉంటే అంత బలంగా కనబడింది. గీతలకి చోటు తక్కువ కాబట్టి.

ఆ గీతలు ఎక్కువగా పడేది గాజు కోసిన అంచుల్లోనే. అంటే గాజు బలం గాజులో లేదు, అంచుల్లో ఉంది. మన ఊళ్లో గాజు కోసేవాళ్ల దగ్గరికి వెళ్లి చూడండి, కోసిన అంచుని ఎంత శ్రద్ధగా పాలిష్ చేస్తున్నారో చూసి బేరమాడండి. చదరపు అడుగు రేటు తర్వాత అడగొచ్చు.

మరి గీతలున్న గాజుతో మెట్లెలా కడతాం? టఫెనింగ్. పల్లెల నుంచి వచ్చినవాళ్లు బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం చూసే ఉంటారు. పట్టాని ఎర్రగా కాల్చి, కొయ్య చక్రం మీద ఎక్కించి, నీళ్లు పోస్తారు. చల్లారుతూ ముడుచుకుని చక్రాన్ని పట్టేస్తుంది. ఇక ఆకులు ఊడవు. గాజులోనూ అదే కిటుకు, కాకపోతే తిరగేసి. గాజుని 620 డిగ్రీలు దాటేదాకా కాల్చి, రెండు వైపులా చల్లగాలి ఊదుతారు. పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలి పొర తర్వాత చల్లారుతూ ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ పైపొరని నొక్కేస్తుంది. పైన ఉన్న గీతలన్నీ నొక్కుడులో ఉంటాయి, తెరుచుకోవు. వాటిని తెరవాలంటే ముందు ఆ నొక్కుడంతా దాటాలి. అందుకే మామూలు గాజు కంటే సుమారు నాలుగు రెట్ల బలం.

అది నిజంగా టఫెన్డ్ గాజేనా అని ఎలా తెలుస్తుంది? ఒక మూల చిన్న ముద్ర ఉండాలి, ఐఎస్ 2553 అని. ఇంకో ఉపాయం. పోలరైజ్డ్ చలువ కళ్లజోడు ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టుకుని, సాయంత్రం వెలుగు పడుతున్నప్పుడు కొంచెం పక్కనుంచి చూడండి. గాజులో వరసగా మచ్చలు కనబడతాయి. గాలి ఊదిన గొట్టాల జాడలవి. కార్ల వెనక అద్దంలో కూడా కనిపిస్తాయి. షోరూమ్ తలుపు దగ్గర నిలబడి ఇలా చూస్తుంటే సెక్యూరిటీ అతను మనల్ని చూస్తాడు, అది వేరే సంగతి.

టఫెన్డ్ గాజుకి రెండు తిరకాసులున్నాయి. ఒకటి, కాల్చాక దాన్ని కోయలేం, బెజ్జం వేయలేం. వేస్తే మొత్తం పలక పెసర గింజలంత ముక్కలై రాలుతుంది. కొలతలన్నీ ముందే ఖాయం కావాలి. మన సైట్లలో గోడ కట్టేశాక కొలత తీసే అలవాటుంది చూడండి, దాంతోనే ప్రతిసారీ పదిహేను రోజులు పోతాయి. రెండోది, నికెల్ సల్ఫైడ్. గాజు తయారీలో అరుదుగా ఒక నలుసంత నికెల్ సల్ఫైడ్ ఇరుక్కుంటుంది. వేడిలో ఉన్న రూపంలోనే అది గాజులో బిగుసుకుపోతుంది. తర్వాత నెలలకో సంవత్సరాలకో మెల్లగా చల్లటి రూపానికి మారుతూ ఉబ్బుతుంది. ఒకరోజు మధ్యాహ్నం, ఎవరూ ముట్టుకోకుండానే, ఢాం. మన దగ్గర అలాంటిది జరిగితే ముందు దిష్టి అంటారు, తర్వాత కాంట్రాక్టరుని అంటారు. దీనికి మందు హీట్ సోక్ పరీక్ష. టఫెన్ చేసిన పలకల్ని 250 డిగ్రీలు దాటిన వేడిలో కొన్ని గంటలు ఉంచుతారు. పగిలేవి చాలావరకు ఫ్యాక్టరీలోనే పగిలిపోతాయి. కొటేషన్లో ఆ మాట ఉందో లేదో చూసుకోండి. లేకపోతే రాయించండి.

ఇంతా చేసి గాజు పగులుతుంది. పగులుతుందనే అనుకోవాలి. అందుకే లామినేషన్. రెండు మూడు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి, వేడిలో ఒత్తిడిలో అతికిస్తారు. కార్ల ముందు అద్దంలో ఉండేది పీవీబీ అనే పొర. మెత్తగా ఉంటుంది. అమెరికాలో తుఫాను గాలులకి తట్టుకునే కిటికీల కోసం డ్యూపాంట్ కంపెనీ సెంట్రీగ్లాస్ అనే ఇంకో పొర తయారుచేసింది. పీవీబీ కంటే ఎన్నో రెట్లు గట్టిది. గాజు మెట్లు, గాజు దూలాలు ఇంత సన్నబడటానికి అసలు కారణం ఆ పొరే. గాజు కాదు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. 'రెండు పొరలూ ఫుల్ టఫెన్డ్ పెట్టండి, బలంగా ఉంటుంది' అంటారు. బలంగానే ఉంటుంది, పగిలేదాకా. రెండూ పగిలితే అంతా చిన్న ముక్కలే, పట్టుకునేదేం ఉండదు, మెత్తటి పొర మీద మొత్తం కుప్పగా వాలిపోతుంది. కొంచెం తక్కువ బలానికి చల్లార్చిన హీట్ స్ట్రెంగ్తెన్డ్ గాజు పెద్ద పెద్ద ముక్కలుగా పగులుతుంది. ఆ ముక్కలు పొరలో ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయి. తలమీద ఉండే పందిరికి నేనైతే అదే వాడతాను. బలం తక్కువదాన్ని ఎందుకు వాడుతున్నావని యజమాని అడుగుతాడు. పగిలాక ఏం జరుగుతుందో చెప్పండి, ఊరుకుంటాడు.

ఇప్పుడు ఒక్క మెట్టుని దగ్గర్నుంచి చూద్దాం. ఈ ఫొటో చూడండి, మెట్టు అంచు. ఆకుపచ్చ గీతలు లెక్కపెట్టండి. ఒక్కో గీత ఒక్కో గాజు పలక. మధ్యలో తెల్లగా సన్నటి పొర, అదే ప్లాస్టిక్. పైపలక బూటు మడమకి గీతలు పడటానికి, బలిపశువు లాంటిది. అది పగిలినా కింది పలకలు మనిషిని మోయాలి. చివర గుండ్రంగా మెరుస్తోంది చూడండి, టైటానియం బిళ్ల. గాజుకి బెజ్జం వేసి బోల్టు దూర్చలేదు. ఆ బిళ్లని ప్లాస్టిక్ పొరలోనే గాజుతోపాటు కలిపి అతికించేశారు. బెజ్జం అంచున ఒత్తిడి పోగుపడే బాధ తప్పింది. టైటానియమే ఎందుకంటే, వేడికి అది ఉబ్బడం గాజు ఉబ్బడానికి దగ్గరగా ఉంటుంది. మెట్టు పైభాగం గరుకు చేశారు, కాలు జారకుండా. దానివల్ల ఇంకో లాభం, కింద నిలబడ్డవాడికి పైన ఎక్కేవాళ్లు కనబడరు. మన దగ్గర చీరలతో, లంగాఓణీలతో ఎక్కే షోరూముల్లో ఈ రెండోదే ముఖ్యం. ఇది ఆడవాళ్లు చెప్పేదాకా డ్రాయింగులు గీసేవాళ్లకి తట్టదు.

అదే ఫిఫ్త్ అవెన్యూ షాపుని మార్పులు చేసి 2019 సెప్టెంబరులో మళ్లీ తెరిచినప్పుడు గాజు మెట్లు తీసేసి స్టెయిన్‌లెస్ స్టీలు మెట్లు పెట్టారు. గాజు ఘనం అలాగే ఉంది. మన దేశంలో వాళ్ల మొదటి షాపు, ముంబైలో 2023లో తెరిచినది, దాంట్లోనూ స్టీలు మెట్లే. కాబట్టి గాజు మెట్లు లేకపోతే పరువు పోతుందని ఎవరూ బెంగపడక్కర్లేదు.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1851లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో గాజు లక్షల పలకలుంది, కానీ మోసింది ఇనుమే. 1975లో ఇంగ్లండు ఇప్స్‌విచ్‌లో ఆర్కిటెక్టు నార్మన్ ఫోస్టర్ కట్టిన ఆఫీసులో గాజుని పైనుంచి కిందికి వేలాడదీశారు, లోపల గోడకి అడ్డంగా నిలబెట్టిన సన్నటి గాజు పట్టీలు, గాజు రెక్కలంటాం, అవే గాలి తోపుని తట్టుకున్నాయి. 1986లో పారిస్ లా విలెట్ సైన్స్ మ్యూజియంలో ఇంజినీరు పీటర్ రైస్ బృందం నాలుగు పలకల మూలల్ని కలిపి పట్టుకునే బిగింపు తెచ్చింది. మన షోరూముల్లో స్పైడర్ ఫిట్టింగ్ అని నాలుగు కాళ్లతో కనబడుతుంది చూడండి, అది ఆ కుటుంబానిదే. ఒక తేడా ఉంది. పారిస్‌దాంట్లో బోల్టు తల గాజు మందంలోనే అన్నివైపులా తిరగగలదు, గాజు వంగినా బెజ్జం దగ్గర మెలిపడదు. మన బజార్లో దొరికే చవక రకాల్లో ఆ తిరుగుడు ఉండదు. ఆకారం ఒకటే, పని వేరు.

షాంఘై పుడాంగ్‌లో 2010లో ఆపిల్ వాళ్లు తమ షాపుకి గుండ్రటి గొట్టంలా గాజు స్థూపం కట్టారు. వంపు తిరిగిన పలకలు, ఒక్కోటి 12.5 మీటర్ల ఎత్తు, ఒకే ముక్క. వాటిని చైనాలోనే తయారుచేశారు. ఇస్తాంబుల్ ఆపిల్ షాపుకి 2014లో ఇంకా తక్కువ. నాలుగు గోడలు, నాలుగే పలకలు, మూలల్లో సిలికాన్, పైన తేలికైన ఫైబర్ కప్పు నేరుగా గాజు మీద. స్తంభం లేదు. కాలిఫోర్నియాలో 2017లో స్టీవ్ జాబ్స్ థియేటరు, అది షాపు కాదుగానీ చెప్పుకోవాలి, 22 అడుగుల గాజు గోడ మీద కార్బన్ ఫైబర్ కప్పు. ఇక్కడ ఎలక్ట్రికల్ పనిచేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీకో ప్రశ్న. స్తంభమే లేని బిల్డింగులో పైన దీపాలకి వైరు ఎక్కడినుంచి పోతుంది? ఫైర్ స్ప్రింక్లర్‌కి నీళ్లెలా ఎక్కుతాయి? పలకకీ పలకకీ మధ్య ఉన్న సన్నటి సందులోంచి. అంత సందులో అన్నీ ఇమిడించారు. మన షోరూములో ఒక్క సీసీ కెమెరా వైరు ఆ స్తంభం మీద ఎలా పాకుతుందో మీకు తెలుసు. గాజు కట్టడంలో వైరు దాచడానికి చోటుండదు. మొదటిరోజే అనుకోవాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆమ్‌స్టర్‌డామ్‌లోది. పీ.సీ. హూఫ్ట్‌స్ట్రాట్ అనే ఖరీదైన షాపుల వీధి. పాత ఇటుకల ఇళ్ల వరస. అక్కడొక షాపుకి గాజు ముఖం కావాలి, కానీ వీధి పాత రూపం చెడకూడదు. ఎంవీఆర్‌డీవీ అనే ఆర్కిటెక్టులు ఏం చేశారంటే, పాత ఇల్లు ఎలా ఉండేదో అచ్చం అలాగే, ఇటుకకి ఇటుక, కిటికీ చట్రాలతో సహా, గాజుతో కట్టారు. గుల్ల ఇటుకలు కావు, నిండు గాజు. ఇటలీలో పోతపోశారు. డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధన చేసింది. పైకెళ్లేకొద్దీ గాజు ఇటుకలు మట్టి ఇటుకల్లో కలిసిపోతాయి. 2016లో పూర్తయింది.

అందులో సిమెంటు లేదు. సన్నటి పారదర్శక జిగురు, అతినీలలోహిత కాంతి పడితే గట్టిపడుతుంది. జిగురు మందం మిల్లీమీటరులో నాలుగో వంతు. అంత సన్నటి జిగురుకి ఇటుక కొలతలో తేడా ఉంటే ఎలా? మన దగ్గర ఇటుకల మధ్య ఎంత మాలు పడుతుందో మేస్త్రీని అడగండి. ఇటుక కొంచెం వంకరైతే మాలు సర్దుకుంటుంది. అక్కడ సర్దుకునేదేం లేదు. మొదటి వరస మట్టం తప్పితే పైదాకా తప్పుతుంది. ఆ మొదటి వరస మట్టం చూడటానికి వాళ్లు వాడిందేంటో తెలుసా? పాలు. వెన్న తీయని చిక్కటి పాలు పోశారు. నీళ్లయితే ఆరపార కనబడతాయి, పాలు కనబడవు కాబట్టి పైభాగం స్పష్టంగా మట్టం చూపిస్తుంది. మన మేస్త్రీల నీళ్లగొట్టం మట్టానికి బంధువే అది. గేదె పాలైతే ఇంకా బాగా పనిచేసేవేమో.

పరీక్షల్లో ఆ గోడ కాంక్రీటు కంటే బలంగా తేలింది. అయినా, కారు వచ్చి గుద్దితే తట్టుకునేలా కింద కాంక్రీటు దిమ్మె దాచిపెట్టారు. మళ్లీ అదే ప్రశ్న, చూశారా? బలంగా ఉందని తెలిశాక కూడా పగిలితే ఏంటి అని ఆలోచించారు.

సరే, ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఇవన్నీ హైదరాబాద్‌లో కట్టొచ్చా? కట్టొచ్చు. న్యూయార్క్ డ్రాయింగు తెచ్చి కడితే మాత్రం కుదరదు. ఎందుకు? ఎండ. జనం ఎండ అనగానే ఏసీ బిల్లు అనుకుంటారు. నేను దానికంటే ముందు ఇంకోటి చెబుతాను. ఆ ప్లాస్టిక్ పొర. పీవీబీ గది వేడికే మెత్తబడటం మొదలుపెడుతుంది. చల్లగా ఉన్నప్పుడు రెండు పలకలూ ఒకే మందపాటి పలకలా పనిచేస్తాయి. వేడెక్కితే ఒకదానిమీద ఒకటి జారతాయి, దేనికదే వంగుతుంది. బలం సగం దాకా పడిపోతుంది. సెంట్రీగ్లాస్ మెరుగే, కానీ దానికీ 55 డిగ్రీల దగ్గర హద్దుంది. మే నెలలో బయట 42 ఉంటే, పడమటి ఎండలో రంగు గాజు 60 దాటడం పెద్ద విషయం కాదు. కాబట్టి ఎండలో ఎప్పుడూ బరువు మోస్తూ ఉండే గాజుకి పలకలు విడివిడిగానే పనిచేస్తాయని లెక్క వేయాలి. మందం పెరుగుతుంది. ఖర్చు పెరుగుతుంది. 'వాళ్లు ఇంతే పెట్టారు కదా' అని యజమాని అంటే ఈ కారణం చెప్పండి.

ఇంకోటి, పోస్టర్లు. ఆషాఢం సేల్ వచ్చిందంటే గాజు మీద సగం దాకా స్టిక్కరు వేస్తారు. స్టిక్కరు ఉన్నచోట గాజు ఎక్కువ వేడెక్కుతుంది, ఫ్రేములో దాగిన అంచు చల్లగా ఉంటుంది. ఆ తేడాకి టఫెన్ చేయని గాజు అంచు నుంచి చీలుతుంది. వంకరగా, నదిలా పోయే నెరియ, అంచు దగ్గర మాత్రం అంచుకి సరిగ్గా తొంభై డిగ్రీల్లో మొదలవుతుంది. అలా కనబడితే ఎవడో రాయి వేశాడని పోలీసుల దగ్గరికి వెళ్లకండి. స్టిక్కరు చూడండి.

ఏసీ సంగతి. 2017లో వచ్చిన ఇంధన పొదుపు నియమావళి, ఈసీబీసీ, పెద్ద వాణిజ్య భవనాలకి గోడలో గాజు 40 శాతం మించకపోతే మొత్తం భవనం లెక్క అడగకుండా అనుమతించింది. మించితే మొత్తం భవనం ఇంధన వాడకం లెక్క చూపించమంది. నా అభిప్రాయం అడిగితే, షోరూముకి 40 శాతం కూడా ఎక్కువే. నాలుగంతస్తులు గాజు కట్టి, లోపలినుంచి ప్లైవుడ్ కొట్టి, దానిమీద ర్యాకులు పెట్టేవాళ్లని ఎంతమందిని చూడలేదు మనం? బయట గాజు, లోపల ప్లైవుడ్. మధ్యలో వేడి, దుమ్ము, పావురాల గూళ్లు! 2018లో హైటెక్ సిటీ దగ్గర ఐకియా తెరిచినరోజు జనం ఎలా విరగబడ్డారో గుర్తుందా? అది దాదాపు కిటికీల్లేని నీలం డబ్బా. వ్యాపారానికి గోడంతా గాజు అక్కర్లేదు.

డబ్బంతా ఒక్కచోట పెట్టండి. గుమ్మం దగ్గర. లేదా మెట్ల దగ్గర. అదీ నీడలో. పాతబస్తీ పత్తర్‌గట్టీ చూడండి. ఏడో నిజాం కాలంలో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టిన రాతి కమానుల వరస. షాపులు కమాను వెనక, నీడలో. దక్కన్ ఎండ ఎలాంటిదో కట్టినవాళ్లకి తెలుసు. ఆ నీడలో రెండంతస్తుల ఎత్తు గాజు గోడ, గాజు రెక్కలతో, ఇనుము లేకుండా పెట్టారనుకోండి, పొర మెత్తబడదు, ఏసీ ఏడవదు, సగం రోజు ఎండ తళుక్కున కొట్టి లోపలి సరుకు కనబడకపోవడమూ ఉండదు. ఈ చివరిది ఎవరూ ఆలోచించరు. ఎండలో ఉన్న గాజు పగటిపూట అద్దంలా రోడ్డునే చూపిస్తుంది, లోపలి నగని చూపించదు.

కొలతల గురించి. మామూలుగా ఫ్యాక్టరీ నుంచి వచ్చే పెద్ద పలక 6 మీటర్లు, 3.21 మీటర్లు. ఆ కొలతలో డిజైన్ చేస్తే మన చుట్టుపక్కల ప్లాంట్లలోనే పని నడుస్తుంది. 10 మీటర్ల పలక కావాలంటే చాలావరకు విదేశాలే. బరువు లెక్క సులువు, చదరపు మీటరుకి ఒక్కో మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు. 10 మీటర్లు, 3 మీటర్ల పలక, మందం అన్నీ కలిపి 40 మిల్లీమీటర్లు అనుకుంటే 3 టన్నులు. ఓడరేవు నుంచి తెచ్చారు సరే, అమీర్‌పేటలో మెట్రో పిల్లర్ల కింద, కేబుల్ వైర్ల మధ్య, నిలువుగా ఎక్కడ లేపుతారు? పగలు లారీని రానివ్వరు. మళ్లీ రేపు ఆ పలక పగిలితే? రెండోది అదే దారిలో రావాలి. అందుకే ముందే ఒక పలక అదనంగా తెప్పించి దాచుకోమంటాను.

నిప్పు గురించి ఒక్కమాట. లామినేట్ గాజు రాలదు అన్నాను. మంచిదే. కానీ లోపల మంటలొస్తే ఫైరింజన్ వాళ్లు దాన్ని సులువుగా పగలగొట్టి లోపలికి రాలేరు, పొగ బయటికి పోదు. కాబట్టి తెరుచుకునే పలకలు ఎక్కడున్నాయో బయట గుర్తు ఉండాలి. దాని ముందు ఫ్లెక్సీ కట్టకూడదు. ఇది నేషనల్ బిల్డింగ్ కోడ్ చదివి చెబుతున్న మాటే కాదు, బతికి బయటపడాలని చెబుతున్న మాట.

నా మాటలు అయిపోయాయి, ప్రశ్నలుంటే అడగండి.

(వెనక వరసనుంచి ఒకాయన రాత్రిపూట షట్టరు లేకుండా గాజు గుమ్మం ఎలా వదిలేస్తామని అడిగారు.)

మంచి ప్రశ్న. గాజు ముందు షట్టరు డబ్బా పెడితే పెట్టిన డబ్బంతా వృథా. సరుకు ఏంటన్నది చూడాలి. బట్టల షాపైతే మందపాటి లామినేట్ గాజు పగలగొట్టడానికి చాలాసేపు, చాలా చప్పుడు కావాలి, అలారం, కెమెరా చాలు. నగల షాపైతే షట్టరుని గుమ్మానికి కాదు, లోపల కౌంటరు హాలుకి పెట్టండి, సరుకు లాకర్లో పెట్టండి. ముందు మీ ఇన్సూరెన్సు వాళ్లు ఒప్పుకుంటారో కనుక్కోండి. వాళ్లు ఒప్పుకోకపోతే నా డ్రాయింగు ఎందుకూ పనికిరాదు.

(ముందు వరసలోని ఒకావిడ గాజు గుమ్మానికి తోరణం, గుమ్మడికాయ ఎక్కడ కట్టాలని అడిగారు.)

నవ్వకండి, నవ్వకండి. ఈ హాల్లో అడగాల్సిన ప్రశ్న ఇదేనమ్మా. ప్రారంభం రోజు పొద్దున్నే ఎవరో ఒకరు డ్రిల్లింగ్ మెషీన్ పట్టుకుని నిచ్చెనెక్కుతారు, మామిడాకులకి మేకు కొడదామని. టఫెన్డ్ గాజుకి బెజ్జం వేస్తే ఏమవుతుందో ఇందాకే చెప్పాను. కాబట్టి డ్రాయింగు దశలోనే చెప్పండి. గాజు కాల్చకముందే రెండు బెజ్జాలు వేయించి, నైలాన్ వాషరు వేసి, సన్నటి స్టీలు కొక్కేలు బిగిస్తాం. గుమ్మడికాయ మాత్రం గాజుకి వద్దు, ఐదారు కిలోలుంటుంది, గాలికి ఊగుతుంది. దానికి పైనున్న కాంక్రీటు శ్లాబులో వేరే కొక్కెం. కొబ్బరికాయ కొట్టే రాయి గుమ్మానికి కనీసం రెండడుగులు ఇవతల పెట్టించండి. తలుపు కింది మూల గాజు అంచు బయటికే ఉంటుంది, చిప్ప ముక్క ఎగిరి అక్కడే తగులుతుంది.

ఇంకెవరైనా? లేకపోతే బయట టేబుల్ మీద లామినేట్ ముక్కలు పెట్టాం, పగలగొట్టినవి కూడా ఉన్నాయి. ఒకదానిలో పీవీబీ, ఒకదానిలో సెంట్రీగ్లాస్. వేలితో నొక్కి తేడా చూడండి. అంచులు ముట్టుకోకండి.